చెర్రీ పూల వేళ టోక్యో: ముస్లిం యాత్రికులకు ఎంతవరకు అనుకూలం?

వసంతకాలంలో టోక్యో వెళ్లాలనుకునే ముస్లిం కుటుంబాలు ముందుగా మూడు విషయాలు తెలుసుకోవాలనుకుంటాయి. హలాల్ తిండి దొరుకుతుందా, వేళకు నమాజు చదువుకోవడానికి చోటు ఉంటుందా, పూలు చూడటానికి వెళ్లిన చోట చుట్టూ మద్యం సీసాలు లేకుండా పిల్లలతో, పెద్దవాళ్లతో కలిసి ప్రశాంతంగా కూర్చోగలమా అన్నవే ఆ మూడు. ఈ సమీక్షను వాటికే పరిమితం చేస్తున్నాను. తోటల విషయంలో టోక్యోకు నిండు మనసుతో పూర్తి మార్కులు వేస్తాను. నమాజు సదుపాయాలకు మంచి మార్కులే పడతాయి. తిండి దగ్గర మాత్రం నగరం మీద ఎంత ఆధారపడగలమో, మన జాగ్రత్త మీద కూడా అంతే ఆధారపడాలి. ఒక రెస్టారెంటును నమ్మాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి నేను చూసేది గుమ్మం ముందు పెట్టిన బోర్డును కాదు, వంటింట్లో ఏం జరుగుతుందో వారు ఎంత విడమరిచి చెబుతారన్నదాన్ని.

ముందుగా తేదీల సంగతి. యాసుకుని మందిరం ఆవరణలో ఉన్న సోమేయి యోషినో అనే రకం చెర్రీ చెట్టు ఒకదాన్ని జపాన్ వాతావరణ సంస్థ పరిశీలకులు గమనిస్తూ, దానిపై ఐదారు పూలు విచ్చుకున్న రోజున టోక్యోలో పూత మొదలైందని ప్రకటిస్తారు. మొగ్గల్లో దాదాపు 80 శాతం విచ్చుకుంటే పూర్తి పూత అంటారు. అందుకు సాధారణంగా మరో వారం పడుతుంది. 1991 నుంచి 2020 వరకు లెక్కగట్టిన సగటు ప్రకారం పూత ఆరంభం మార్చి 24న, పూర్తి పూత మార్చి 31న వస్తాయి. అయితే 2023లో మార్చి 14నే మొదటి పూలు విచ్చుకోగా, మరుసటి ఏడాది మార్చి 29 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. నెలల ముందే టికెట్లు కొనక తప్పని కుటుంబాలు ఒకే తేదీని నమ్ముకోకుండా, మార్చి చివరి వారం, ఏప్రిల్ మొదటి వారం రెండూ తగిలేలా ప్రయాణం పెట్టుకోవడం మేలు.

ముస్లింలకు దీనితోపాటు మరో క్యాలెండరు కూడా చూసుకోవలసి ఉంటుంది. హిజ్రీ (ఇస్లామీ చాంద్రమాన) సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కంటే పది పదకొండు రోజులు చిన్నది కాబట్టి రంజాన్ మాసం ఏటేటా అన్ని రోజులు ముందుగానే వస్తుంది. 2024లో చెర్రీ పూత మొదలయ్యే సమయానికి రోజాలు (రంజాన్ ఉపవాసాలు) నడుస్తున్నాయి. 2025లో టోక్యోలో పూర్తి పూత ప్రకటించిన మార్చి 30నే సౌదీ అరేబియాలో ఈద్ జరుపుకున్నారు. 2026లో రంజాన్ ఫిబ్రవరిలోనే మొదలై, సౌదీలో మార్చి 20న ఈద్ రావడంతో, సగటు పూత తేదీ నాటికే ఉపవాసాలు ముగిశాయి. ఇక మీదట చాలా ఏళ్లపాటు పూల వారాలు రోజాలు లేని రోజుల్లోనే వస్తాయి. పగలంతా తోటల్లో నడిచి, మధ్యాహ్నం కుటుంబమంతా కలిసి భోంచేయాలనుకునేవారికి ఇంతకంటే మంచి కాలం ఉండదు. బక్రీద్ కూడా ఇదే లెక్కన జరుగుతూ 2030 నాటికి ఏప్రిల్ మధ్యకు చేరుతుంది కాబట్టి, హజ్ యాత్ర తలపెట్టినవారు ఆ సంవత్సరాల్లో రెండు ప్రయాణాలనూ కలిపి ఆలోచించుకోవాలి.

ఒక్క పూలతోటకే సమయం ఉన్నవారికి నేను ఏ సందేహమూ లేకుండా షింజుకు గ్యోయెన్ పేరే చెబుతాను. ఒకప్పుడు రాచకుటుంబానికి చెందిన ఈ ఉద్యానవనాన్ని 1949లో ప్రజల కోసం తెరిచారు. 58 హెక్టార్లకు పైగా విస్తీర్ణంలో వెయ్యి దాకా చెర్రీ చెట్లు, అవీ పదుల రకాలు, ఉన్నాయి. ప్రవేశ రుసుము పెద్దలకు 500 యెన్‌లు. వీటన్నిటికంటే ముస్లిం కుటుంబాలకు ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఈ తోటలోకి మద్యం తీసుకురావడం నిషిద్ధం, పూల రోజుల్లో గేటు దగ్గర సంచులు తెరిచి చూస్తారు కూడా. జపనీయుల పూల వేడుకలో చెట్ల కింద కూర్చుని తాగడం సహజమైన భాగం. ఊయెనో పార్కులో, మెగురో నది ఒడ్డున ఆ వారాల్లో అది అడుగడుగునా కనిపిస్తుంది. వారి ఆనందం వారిది, అందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. కానీ తాగేవారి మధ్య కూర్చుని తినడానికి ఇష్టపడని కుటుంబానికి అక్కడ పరిచిన చాపల నడుమ చోటు వెతుక్కోవడం ఇబ్బందే. గ్యోయెన్‌లో ఆ బాధ లేదు. విశాలమైన పచ్చికపై దుప్పటి పరుచుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి తింటూ, పిల్లలను కనుచూపు మేరలో ఆడుకోనిస్తూ పూట గడపవచ్చు. అబాయా, హిజాబ్ ధరించిన స్త్రీల వైపు ఎవరూ తేరిపార చూడకపోవడం నాకు ఎంతో ఊరటనిచ్చింది.

వసంతంలో తోట ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు తెరిచి ఉంటుంది, చివరి ప్రవేశం అరగంట ముందే ఆపేస్తారు. రద్దీ విపరీతంగా ఉండే కొన్ని రోజులకు ముందస్తు రిజర్వేషన్ తప్పనిసరి చేస్తున్నారు; ఏయే రోజులన్నది ఏటా ప్రకటిస్తారు కాబట్టి బయలుదేరే ముందు చూసుకోకపోతే గేటు దాకా వెళ్లి వెనుదిరగవలసి వస్తుంది. తోటలో నాకు నమాజు గది ఏదీ కనబడలేదు. ఈ తోట విషయంలో నాకున్న అసంతృప్తి అదొక్కటే.

చిదొరిగాఫుచి గురించి కూడా ఒక మాట చెప్పాలి. పాత కోట కందకం వెంట సాగే ఆ బాట నడిచి చూడటానికే తప్ప కూర్చుని విందు చేసుకోవడానికి కాదు కాబట్టి అక్కడ కూడా ముస్లిం కుటుంబాలకు ఇబ్బంది తక్కువ. జనం మాత్రం భుజాలు రాసుకుంటూ నడుస్తుంటారు. చక్రాల కుర్చీలో పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు పూర్తి పూత రోజుల్లో అక్కడికి వెళ్లకపోవడమే నయం.

నమాజు వేళలు ఈ నగరంలో మొదటి రోజు కొంత తికమక పెడతాయి. జపాన్ అంతటికీ ఒకే కాలమానం, వేసవి సమయ మార్పు లేదు, టోక్యో దేశానికి తూర్పు వైపున ఉంది. అందువల్ల మార్చి చివర్లో ఉదయం ఐదున్నరకే సూర్యోదయమవుతుంది, ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు) కోసం నాలుగు గంటలు దాటగానే లేవాలి. మధ్యాహ్నపు నమాజు జుహర్ పన్నెండుకు కాస్త ముందే మొదలవుతుంది, సూర్యాస్తమయపు నమాజు మగ్రిబ్ ఆరు గంటల ప్రాంతంలో వస్తుంది. ఖిబ్లా, అంటే నమాజులో ముఖం తిప్పవలసిన మక్కా దిశ, ఉత్తరం నుంచి సుమారు 293 డిగ్రీలు, అంటే పడమరకు కొంత వాయవ్యంగా. ప్రయాణంలో జుహర్‌నూ, సాయంత్రపు నమాజు అసర్‌నూ కలిపి చదివే షాఫయీ, హంబలీ మజ్‌హబ్‌ల (ధర్మశాస్త్ర సంప్రదాయాల) వారికి తోటలో గడిపే రోజు సులువుగా సర్దుకుంటుంది. వాటిని విడివిడిగానే చదివే హనఫీ మజ్‌హబ్ వారు మాత్రం అసర్‌కు ఎక్కడ ఉంటామో ముందే అనుకోవాలి. గ్యోయెన్ నుంచి నడిచి వెళ్లగల దూరంలో ఉన్న షింజుకు తకషిమాయా డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో నమాజు గది ఉంది. హానెడా, నరీతా విమానాశ్రయాల్లోనూ ఉన్నాయి. ఊయెనో వైపు వెళ్లినవారికి ఒకాచిమాచిలోని అస్సలాం మసీదు దగ్గర.

జుమా (శుక్రవారం సామూహిక నమాజు) రోజు టోక్యోలో ఉండే ప్రతివారూ యొయోగి ఉయెహారా స్టేషన్ దగ్గరి టోక్యో జామీ అనే మసీదుకు వెళ్లాలి. రష్యా విప్లవం తర్వాత స్వదేశం వదిలి వచ్చిన తాతార్ ముస్లింలు 1938లో ఇక్కడ తొలి మసీదు కట్టుకున్నారు. అది శిథిలమై 1986లో కూల్చివేయగా, తుర్కియే మతవ్యవహారాల శాఖ సహాయంతో, అక్కడి నుంచి వచ్చిన శిల్పులు, తెచ్చిన సామగ్రితో ఒట్టోమన్ శైలిలో కొత్త మసీదు వెలిసి 2000లో తెరుచుకుంది. గుమ్మటం కింద నిలబడి పైకి చూసినప్పుడు కలిగే శాంతిని మాటల్లో పెట్టడం కష్టం. పరాయి దేశంలో ఇల్లు వెతుక్కున్న ఒక చిన్న సమాజం పట్టుదల గుర్తొచ్చి నా కళ్లు చెమర్చాయి. కింది అంతస్తులో హలాల్ సరుకుల దుకాణం ఉంది. తోటకు తీసుకెళ్లే తిండిని ఇక్కడే కొనుక్కోవడం నా దృష్టిలో అన్నిటికంటే నిశ్చింతైన పద్ధతి. ముస్లిమేతరులు కూడా పెద్ద సంఖ్యలో చూడటానికి వస్తారు, వారిని నిర్వాహకులు ఆదరించే తీరు ముచ్చటగా ఉంటుంది.

వుజూ, అంటే నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు శుభ్రం చేసుకోవడం విషయంలో ఒక చిక్కు ఉంది. ప్రత్యేక నమాజు గదుల్లో కాళ్లు కడుక్కునే ఏర్పాటు తరచుగా ఉంటుంది గాని, మామూలు రెస్ట్‌రూముల్లో వాష్‌బేసిన్‌లో కాళ్లు కడిగితే అది అక్కడివారికి ఇబ్బందికరం. హోటల్లోనే వుజూ చేసి, తోలు మేజోళ్లపై మసహ్ చేసుకునే (తడి చేత్తో తుడుచుకునే) వెసులుబాటును వాడుకోవడం ఉత్తమం. టాయిలెట్లలో నీటితో శుభ్రం చేసుకునే సౌకర్యం మాత్రం చాలాచోట్ల ఉండటం ముస్లిం యాత్రికులకు గొప్ప వరం. ఐరోపా నగరాల్లో ఈ ఒక్క విషయంలో పడే అవస్థ ఇక్కడ చాలా తక్కువ.

ఇక తిండి. జపాన్‌లో హలాల్ ధ్రువీకరణకు ఒకే ప్రభుత్వ సంస్థ లేదు, వేర్వేరు సంస్థలు వేర్వేరు ప్రమాణాలతో పత్రాలు ఇస్తాయి. వీటికి తోడు ముస్లిం ఫ్రెండ్లీ, పోర్క్ ఫ్రీ అన్న బోర్డులు విరివిగా కనిపిస్తాయి. మొదటిది ఉన్న చోట హలాల్ మాంసం వాడుతూనే మద్యం కూడా అమ్ముతుండవచ్చు. రెండోది ఉన్న చోట పంది మాంసం లేకపోవచ్చు గాని కోడి, గొడ్డు మాంసం జబీహా (ఇస్లామీ పద్ధతిలో కోసినది) అయి ఉండాలన్న నియమం లేదు. ఒక రెస్టారెంటులో మేము అడగగానే అక్కడి అమ్మాయి వంటింట్లోకి వెళ్లి కనుక్కుని వచ్చి, కోడి మాంసం హలాలే అయినా పంది మాంసం కాల్చే పెనం మీదే దాన్ని కూడా కాలుస్తామని వినయంగా చెప్పి, క్షమాపణ కోరింది. మేము తినకుండానే వచ్చేశాం. ఆ నిజాయితీకి మాత్రం నేను ఎంతో విలువిస్తాను. అడిగితే దాచకుండా చెప్పే ఈ గుణం టోక్యోలో తరచుగా ఎదురవుతుంది. సమస్యల్లా ఏం అడగాలో మనకు తెలియకపోవడమే.

అడగవలసినవి ఇవి. మిరిన్ అనే తీపి వంట మద్యంలో ఆల్కహాల్ 14 శాతం దాకా ఉంటుంది, కూరల్లో, చేపల పులుసుల్లో, చివరికి కొన్ని చోట్ల సుషీ అన్నంలో కూడా అది పడుతుంది. సాకే అనే బియ్యపు మద్యం కూడా వంటలో మామూలే. సోయా సాస్‌లో పులియడం వల్ల సహజంగానే కొంత ఆల్కహాల్ పుడుతుంది, నిల్వ కోసం విడిగా కలిపే రకాలూ ఉన్నాయి. దీనిపై ఉలమాల (ఇస్లామీ మతపండితుల) మధ్య భిన్నాభిప్రాయాలున్నందున ఎవరి ఆచరణ వారు నిశ్చయించుకోవాలి. పాకెట్ల మీద ఉండే అలర్జీ పట్టికను చూసి ధైర్యపడేవారు ఒక సంగతి గమనించాలి. గుడ్డు, పాలు, గోధుమ, రొయ్యలు, పీతలు, సోబా (బక్‌వీట్ గింజ), వేరుశనగ, అక్రోటు వంటివి చట్టప్రకారం తప్పక ముద్రించాలి. పంది మాంసం, జెలటిన్ మాత్రం ముద్రించమని సిఫారసు చేసిన జాబితాలోనే ఉన్నాయి. పైగా ఈ నిబంధన పాకెట్ల ఆహారానికే గాని రెస్టారెంట్ల వడ్డనకు కాదు. అందుచేత కన్వీనియెన్స్ స్టోర్‌లో దొరికే ఒనిగిరీని (అన్నం ముద్దను) పట్టిక చూసి మాత్రమే హలాల్ అనుకోవడం సరికాదు. షార్టెనింగ్ (గట్టి వంట కొవ్వు), ఎమల్సిఫయర్ (నూనెనూ నీటినీ కలిపి ఉంచేది) అన్న పదార్థాలు కూడా మొక్కల నుంచి వచ్చాయో జంతువుల నుంచి వచ్చాయో పాకెట్ చూసి తేల్చుకోవడం కష్టం.

ఇంత జాగ్రత్త మధ్యలో కూడా మనసారా తిన్న చోట్లు ఉన్నాయి. అసాకుసాలో నరీతాయా అనే చిన్న రామెన్ (పులుసులో వడ్డించే నూడుల్స్) అంగడి కోడి రసంతో హలాల్ రామెన్ చేస్తుంది. సుమిదా నది ఒడ్డున చెర్రీ చెట్లు చూసి, చల్లగాలికి వణుకుతూ వచ్చినవారికి ఆ వేడి గిన్నె ప్రాణం లేచొచ్చేలా చేస్తుంది. జపాన్ వచ్చి రామెన్ రుచి చూడకుండానే వెళ్లిపోవలసి వస్తుందేమోనని బెంగపడిన పిల్లల ముఖాల్లో ఆ సంతోషం చూడదగ్గది. షిన్ ఒకుబోలోని హలాల్ దుకాణాల వీధి రోజువారీ అవసరాలకు సరిపోతుంది. గోధుమపిండి లేదా జిగురు బియ్యం, ఎర్ర చిక్కుడు గింజల ముద్ద, ఉప్పులో ఊరిన చెర్రీ ఆకుతో చేసే సకురా మోచి ఈ కాలానికే ప్రత్యేకమైన మిఠాయి, పదార్థాలు కనుక్కుని తప్పక తినవలసినది.

గల్ఫ్ నుంచి వచ్చే అరబ్ కుటుంబాలకు మరికొన్ని మాటలు. దుబాయ్, దోహా, అబూధాబీల నుంచి నేరుగా విమానాలున్నాయి గాని, నగరంలోని సూచికలు జపనీస్, ఇంగ్లీషు, చైనీస్, కొరియన్ భాషల్లోనే ఎక్కువ, అరబీ అరుదు. హోటల్ గదులు చిన్నవి. ఎనిమిదీ పదిమంది కలిసి ప్రయాణించే కుటుంబం పక్కపక్క గదులు కావాలని ముందే రాసి పెట్టుకోవాలి. హలాల్ అంగళ్లలో చాలావాటికి పట్టుమని పదిహేను కుర్చీలుండవు, మధ్యాహ్నం పూట కొన్ని గంటలు మూసివేస్తాయి, రాత్రి పొద్దుపోయాక విందు చేసుకునే అలవాటున్నవారికి తలుపులు మూసి కనిపిస్తాయి. పెద్ద కుటుంబం రెండు జట్లుగా విడిపోయి తినడానికి సిద్ధపడాలి, లేదా తుర్కీ, పాకిస్తానీ భోజనశాలల్లో ముందే చోటు చెప్పుకోవాలి.

సెలవులు కుదరక మార్చి చివరి వారాన్ని అందుకోలేనివారు ప్రయాణం మానుకోనక్కరలేదు. గ్యోయెన్‌లో ఇచియో అనే ముద్దపూల చెర్రీ రకం ఏప్రిల్ మధ్యలో పూస్తుంది, అప్పటికి జనం పలుచబడతారు, చలి తగ్గుతుంది. ఏప్రిల్ 29 నుంచి మొదలయ్యే జపాన్ సెలవుల వారం లోపు తిరిగి వచ్చేలా చూసుకుంటే, వృద్ధులూ చంటిపిల్లలూ ఉన్న కుటుంబానికి నేను ఆ రెండు వారాలనే మొదట సూచిస్తాను.