హనుమకొండ ఎండలో టవర్ కూలర్: కొన్ని వేసవుల వాడకం తరువాత

హనుమకొండలో మా ఇంటి పై అంతస్తు గదిలో నడిచే డెస్క్‌టాప్‌ను విడిభాగాలు కొని నేనే కూర్చుకున్నాను. అందులో ఉన్నది రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, దానిపై సాగే పని పెళ్లి వీడియోల ఎడిటింగ్. ముహూర్తాలు వరుసగా పడేది వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో; ఎండ ముదిరేదీ అప్పుడే. ప్రాసెసర్ మీద అత్యధిక భారం పడే వారాలూ, స్లాబు వేడికి గది ఉడికిపోయే వారాలూ ఒకటే అయిన చోట, 22 డిగ్రీల గదిలో పరీక్షించి రాసిన ప్రాసెసర్ కూలర్ల సమీక్షలు సగం వరకే పనికివస్తాయి. ప్రాసెసర్ పెట్టెలో వచ్చిన చిన్న కూలర్‌ను తీసివేసి, వేడిని పైకి మోసుకుపోయే నాలుగు రాగి హీట్ పైపులూ ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యానూ ఉన్న టవర్ కూలర్‌ను బిగించి, దానితో కొన్ని వేసవులు గడిపిన మీదట ఇది రాస్తున్నాను. కూలర్ మంచిదే, పెట్టిన డబ్బు దండగ కాలేదు. కానీ మే నెలలో నా పని ఆగకుండా సాగుతున్నదంటే అందులో కూలర్‌తో పాటు, బయోస్‌లో (మదర్‌బోర్డు మూల సెట్టింగులు ఉండే చోటు) పైసా ఖర్చు లేకుండా మార్చుకున్న విద్యుత్ పరిమితికీ గట్టి వాటా ఉంది.

ఉష్ణోగ్రత చూడడానికి విండోస్‌లో నేను వాడేది హెచ్‌డబ్ల్యూఇన్ఫో. ఇందులో ప్రతి సెన్సర్‌కూ ప్రస్తుత, కనిష్ఠ, గరిష్ఠ, సగటు విలువలు ఒకే వరుసలో కనిపిస్తాయి కనుక, రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా తయారుచేసే పని) మొదలుపెట్టి భోజనానికి వెళ్లి వచ్చినా మధ్యలో ఏం జరిగిందో తెలుస్తుంది. రైజెన్ వాడేవారు చూడవలసిన వరుస 'టీసీటీఎల్/టీడై' అన్నది, అంటే ప్రాసెసర్ తానే చెప్పే తన ఉష్ణోగ్రత. మదర్‌బోర్డు తన సొంత సెన్సర్‌తో 'సీపీయూ' అని మరో అంకె చూపిస్తుంది. అది నెమ్మదిగా కదులుతుంది, క్షణికంగా లేచే వేడిని పట్టుకోదు. అంకెల కంటే ముందు చూడవలసింది థర్మల్ థ్రాట్లింగ్ వరుస. అక్కడ 'యెస్' (అవును) అని పడిందంటే ప్రాసెసర్ వేడి తట్టుకోలేక వేగం తగ్గించుకుంటున్నదని అర్థం. లినక్స్ వాడేవారికి ఎల్‌ఎం-సెన్సర్స్ చాలు; రైజెన్ అంకెలు అందులో కే10టెంప్ అన్న పేరు కింద వస్తాయి. పాత ప్రాసెసర్లను సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. రైజెన్ 7 1800ఎక్స్ అసలు వేడికి 20 డిగ్రీలు, 2700ఎక్స్ 10 డిగ్రీలు కలిపి టీసీటీఎల్‌గా చూపేవి. ఆ సంగతి తెలియక కూలర్ మార్చుకున్నవారూ ఉన్నారు.

సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా సగం కొలతే ఇస్తుంది. మిగతా సగానికి క్యాబినెట్ గాలి పీల్చుకునే వైపు గోడకు ఒక మామూలు థర్మామీటర్ తగిలించాను. ప్రాసెసర్ 78 డిగ్రీలు ఉందన్న మాటకు విడిగా విలువ లేదు. గది 26 ఉన్నప్పుడు 78 అయితే కూలింగ్ బాగా లేనట్టు, గది 40 ఉన్నప్పుడు 78 అయితే చాలా బాగున్నట్టు. ఒకే భారం మీద, ఒకే ఫ్యాన్ వేగంలో, గది కంటే ప్రాసెసర్ ఎన్ని డిగ్రీలు పైన ఉందన్న తేడా దాదాపు స్థిరంగా ఉంటుంది. మాఘంలో ఆ తేడా తెలుసుకుంటే రోహిణి కార్తెలో ఏం జరగబోతుందో ముందే లెక్క వేసుకోవచ్చు. ఈ సమీక్షలోని నా అంకెలన్నీ అలా తీసుకున్న తేడాలే. పరీక్షకు ఒక పెళ్లి వీడియో రెండర్‌నే వాడాను, తోడుగా ప్రాసెసర్‌పై పూర్తి భారం మోపే సినీబెంచ్ ఆర్23 పరీక్షను పది నిమిషాలు నడిపాను. ప్రైమ్95 అనే మరో భార పరీక్షా సాధనంలోని చిన్న ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్ష నిజమైన ఏ పనీ పుట్టించనంత వేడిని పుట్టిస్తుంది. కూలర్ సరిగా కూర్చుందో లేదో చూడడానికి దాన్ని ఒకసారి నడిపితే చాలు, దాని అంకెలు చూసి బెంబేలెత్తవలసిన పని లేదు.

పెట్టెలో వచ్చిన చిన్న కూలర్‌తో ఈ తేడా 55 డిగ్రీల దగ్గర ఉండేది. మాఘమాసపు పెళ్లిళ్లకు, గది 26, 27 డిగ్రీలు ఉన్న రోజుల్లో, రెండర్ 80 దాటి కాస్త పైన సాగేది. ఇబ్బంది ఏమీ కనిపించేది కాదు. అదే 55ను మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల గదికి కలిపి చూడండి. ఈ ప్రాసెసర్‌కు తయారీ సంస్థ ఏఎండీ నిర్ణయించిన గరిష్ఠ ఉష్ణోగ్రత 95 డిగ్రీలు. లెక్క సరిగ్గా అక్కడికే చేరుతుంది. అక్కడికి చేరినంత మాత్రాన చిప్ కాలిపోదు. రూపకల్పనలో ఉన్నట్టే అది వేగం తగ్గించుకుని ఆ గీత దాటకుండా నిలబడుతుంది. కానీ ఫ్యాన్ పూర్తి వేగంలో అరుస్తుంటుంది, ఆ మోతలో వీడియోలోని సన్నాయిని సరిచూసుకోవడం కుదరదు, రెండర్ ఎప్పుడు పూర్తవుతుందో చెప్పలేము. పెళ్లివారు వీడియో ఎప్పుడిస్తారని అడుగుతారు గానీ గది ఎంత వేడిగా ఉందని అడగరు కదా.

టవర్ కూలర్ ఎంచుకునేటప్పుడు రెండు కొలతలు చూశాను. దాని ఎత్తు 155 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కనుక క్యాబినెట్ అంత ఎత్తును ఒప్పుకుంటుందా అన్నది ఒకటి, ఫ్యాన్ ర్యామ్ స్టిక్‌ల మీదికి వస్తుందా అన్నది రెండోది. ఇలాంటివి మార్కెట్‌లో రెండు, మూడు వేల రూపాయల మధ్య దొరుకుతాయి. హనుమకొండ షాపుల్లో అడిగిన మోడల్ లేకపోతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెప్పించుకోవడం మనకు అలవాటైన దారే. ఏఎం4 (ఈ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) బోర్డుల్లో చాలా కూలర్లు బోర్డు వెనుక ముందే ఉన్న లోహపు పలకకే బిగుస్తాయి. ముందువైపు ప్లాస్టిక్ కొక్కేల స్క్రూలు విప్పగానే ఆ పలక వదులై వెనక్కి జారుతుంది కాబట్టి క్యాబినెట్‌ను పడుకోబెట్టి, ఒక చేత్తో వెనుక పలకను పట్టుకుని పని చేయాలి. ప్రాసెసర్ నుంచి కూలర్‌కు వేడిని చేరవేసే థర్మల్ పేస్ట్ మధ్యలో చిన్న శనగ గింజంత చాలు. స్క్రూలను ఒకవైపు పూర్తిగా బిగించి రెండోవైపు వెళ్లకుండా, అటొక చుట్టు ఇటొక చుట్టు తిప్పుతూ పోవాలి. ఒకవైపే బిగిస్తే అడుగు వంకరగా కూర్చుని పేస్ట్ ఒక పక్క మందంగా మిగిలిపోతుంది.

బిగించిన తరువాత అదే రెండర్‌కు తేడా 55 నుంచి 40కి దిగింది. అంతకంటే ముఖ్యంగా, ఫ్యాన్ సగం వేగంలో తిరుగుతూనే ఆ 40ని నిలబెడుతున్నది. రోజూ పక్కన కూర్చునే మనిషికి డిగ్రీల కంటే ఈ నిశ్శబ్దమే పెద్ద లాభం. ఇన్ని వేసవులు గడిచినా ఫ్యాన్ బేరింగ్ నుంచి శబ్దం రాలేదు, హీట్ పైపుల పనితీరులో కంటికి ఆనే తగ్గుదల లేదు.

ఇంకా పెద్దది, రెండు టవర్లదో నీటిదో కొంటే ఇంకో 15 డిగ్రీలు తగ్గుతాయా అని నన్ను అడిగినవారు ఉన్నారు. ఈ ప్రాసెసర్ విషయంలో తగ్గవని నా అభిప్రాయం. 7 నానోమీటర్ల పద్ధతిలో తయారైన, దీని కోర్లున్న సిలికాన్ ముక్క విస్తీర్ణం సుమారు 80 చదరపు మిల్లీమీటర్లే. అదీ ప్రాసెసర్ పై లోహపు మూతకు నడిమధ్యన కాక ఒక పక్కగా ఉంటుంది. ఇరుకైన ఆ చోటు నుంచి వేడి మూత దాకా రావడమే కష్టం, వచ్చిన తరువాత మోసుకుపోవడానికి మధ్యస్థమైన కూలర్ సరిపోతుంది. నీటి కూలర్ అయినా చివరకు గది గాలికే వేడిని వదలాలి. గది 40 డిగ్రీలుంటే ఏదీ అంతకంటే కిందికి దించలేదు. పైగా అందులో పంపు ఒకటి అదనం, అది ఆగితే పనీ ఆగుతుంది. ఎక్కువ కోర్లతో 140 వాట్లు దాటి తాగే ప్రాసెసర్లకు దాని అవసరం ఉండవచ్చు.

ఇక పుట్టే వేడినే తగ్గించడం గురించి. 5600ఎక్స్‌ను 65 వాట్ల ప్రాసెసర్ అంటారు గానీ, సాకెట్ ద్వారా అది తీసుకోగల విద్యుత్తుకు పీపీటీ పేరుతో ఉన్న హద్దు 76 వాట్లు. బయోస్‌లో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ భాగంలోకి వెళ్లి ఆ హద్దును 60కి దించాను. గది మీద తేడా 40 నుంచి 32, 33కి పడిపోయింది. గంట పట్టే రెండర్‌కు అదనంగా పట్టింది మూడు నాలుగు నిమిషాలే, ఎందుకంటే చివరి కొద్దిపాటి వేగం కోసమే ప్రాసెసర్ అత్యధిక వోల్టేజీని ఖర్చు చేస్తుంది. ఆ తరువాత వోల్టేజీని తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌ను అన్ని కోర్లకూ మైనస్ 15 వద్ద పెట్టాను. ఇందులో ఒక్కో అంకెకు 3 నుంచి 5 మిల్లీవోల్టుల దాకా తగ్గుతుంది. తక్కువ వోల్టేజీతో అదే వేగం వస్తుంది కాబట్టి పోయిన నిమిషాల్లో సగం తిరిగి వచ్చాయి. దీన్ని మైనస్ 30 దాకా దించవచ్చు కానీ నేను దించను. మితిమీరితే అది బయటపడేది భారం మీద కాదు, కంప్యూటర్ ఊరికే ఉన్నప్పుడు హఠాత్తుగా రీస్టార్ట్ కావడంలో. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 'వీయా' (హార్డ్‌వేర్) లోపాలు కనిపిస్తే విలువను వెనక్కి తీసుకోవాలి. కోర్‌సైక్లర్ అనే ఉచిత సాధనం ఒక్కో కోర్‌నూ విడిగా పరీక్షిస్తుంది. బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు ఈ మార్పులన్నీ చెరిగిపోతాయి కనుక ఆ తెరలను ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకున్నాను. బయోస్ జోలికి వెళ్లడానికి భయపడేవారు విండోస్ పవర్ సెట్టింగుల్లో గరిష్ఠ ప్రాసెసర్ స్థితిని 99 శాతం చేస్తే బూస్ట్ ఆగిపోతుంది. అప్పుడు ఈ ప్రాసెసర్ 4.6 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లకుండా 3.7 దగ్గరే ఉంటుంది. మొరటు పద్ధతే, కానీ ఆపత్కాలంలో పనికొస్తుంది.

క్యాబినెట్‌లో గాలి సరిగా తిరగకపోతే పై శ్రమ అంతా వృథా. పరీక్ష చాలా సులభం: రెండర్ నడుస్తుండగా పక్క పలక తీసేయండి. ప్రాసెసర్ అయిదారు డిగ్రీలు తగ్గితే లోపం కూలర్‌ది కాదు, క్యాబినెట్‌ది. ముందుభాగమంతా గాజుతో మూసి ఉన్న నా మొదటి క్యాబినెట్‌లో ఈ తగ్గుదల స్పష్టంగా కనిపించింది. గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడిగాలే ప్రాసెసర్ కూలర్‌కు ఆహారమయ్యేది. జాలీ ముందుభాగం ఉన్నదానికి మారి, ముందు రెండు ఫ్యాన్లు లోపలికీ, వెనుక ఒకటి బయటికీ ఉండేట్టు పెట్టిన తరువాత పలక తీసినా ఆ తగ్గుదల లేదు.

మన ప్రాంతంలో దుమ్ముతో పాటు పత్తి నూగును కూడా లెక్కలోకి తీసుకోవాలి. దసరా దాటి పత్తి రాక మొదలైతే ఎనుమాముల మార్కెట్ వైపు ఇళ్లలో ఫిల్టర్ల మీద తెల్లని పొర పేరుకుంటుంది. అక్కడ ఉండే మిత్రుడి హీట్‌సింక్ రేకుల మధ్య ఆ నూగు నిజంగానే పరుపులా ఒత్తుకుని ఉండడం చూశాను. ఫిల్టర్లను తరచుగా కడుక్కోవడం తప్ప మార్గం లేదు. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అది గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. పెద్ద శుభ్రతను, పేస్ట్ మార్చడాన్ని నేను ఆషాఢానికి పెట్టుకున్నాను, ముహూర్తాలు ఉండవు కనుక. ఏఎం4 ప్రాసెసర్‌కు అడుగున 1331 పిన్నులుంటాయి. ఎండిన పేస్ట్ పట్టుకుని ఉండగా కూలర్‌ను నిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి వస్తుంది. అందుకని విప్పే ముందు పది నిమిషాలు ఏదైనా భారం నడిపి, పేస్ట్ మెత్తబడ్డాక కంప్యూటర్ ఆపి, కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి.

గదిలో నీళ్ల కూలర్ పెట్టుకునేవారికి ఒక మాట. పొడిగా ఉండే మే నెలలో అది గదిని అయిదారు డిగ్రీలు దించుతుంది, ఆ మేరకు ప్రాసెసర్ కూడా దిగుతుంది. కానీ దాని గాలిని నేరుగా క్యాబినెట్ మీదికి తిప్పకూడదు. బోరు నీటి తుంపరలు ఆరిన చోట ఉప్పు మిగులుతుంది. వానలు పడ్డాక గాలిలో తేమ పెరిగి అది ఎలాగూ పనిచేయదు.

ఈ అంకెలను రైజెన్ 7000 వరుసకు వర్తింపజేయవద్దు. వాటిలో పెద్ద ప్రాసెసర్లు పూర్తి భారం మీద 95 డిగ్రీలకు చేరి అక్కడే పనిచేసేట్టు రూపొందాయని ఏఎండీయే చెప్పింది. మంచి కూలర్ పెడితే అవి ఉష్ణోగ్రత తగ్గించుకోవడానికి బదులు వేగం పెంచుకుంటాయి. గదిలోకి వదిలే వేడి తగ్గాలంటే వాటికి బయోస్‌లో విద్యుత్ పరిమితిని దించే ఎకో మోడ్ పెట్టుకోవాలి. కూలర్ కొనడం ఆ తరువాతి పని.