క్లోమం తీసేశాక: ఇన్సులిన్ ఒక్కటేనా, ఐలెట్ మార్పిడి కూడానా?

దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) నొప్పి తగ్గక క్లోమాన్ని పూర్తిగా తీసేస్తే షుగర్ ఖాయం. మొదటి దారి ఇన్సులిన్ ఇంజెక్షన్లే. కానీ ఇన్సులిన్‌తో పాటు, చక్కెరను పెంచే గ్లూకగాన్ అనే హార్మోన్ కూడా పోతుంది కాబట్టి ఇంజెక్షన్ వల్ల చక్కెర ఉన్నట్టుండి పడిపోతుంది. రాత్రిళ్లు ఇంట్లోవాళ్లకు అదే టెన్షన్.

రెండో దారి, అంటే ఐలెట్ మార్పిడి, 1977లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మొదలైంది. తీసిన క్లోమం నుంచి ఇన్సులిన్ తయారుచేసే ఐలెట్ కణాలను ఎంజైములతో వేరుచేసి, కాలేయానికి రక్తం తీసుకెళ్లే పోర్టల్ సిర ద్వారా అదే రోగి కాలేయంలోకి ఎక్కిస్తారు. అవి అక్కడ కుదురుకుని ఇన్సులిన్ తయారుచేస్తాయి. సొంత కణాలే కాబట్టి రోగనిరోధక శక్తిని అణిచే మందులు అక్కర్లేదు. అందరికీ ఇన్సులిన్ ఇంజెక్షన్లు ఆగవు. కొన్ని కణాలు బతికినా చక్కెర అదుపు తేలికవుతుంది. నా మొగ్గు దీనివైపే, ముఖ్యంగా పిల్లల విషయంలో. కానీ జబ్బు ముదిరేకొద్దీ ఐలెట్లు తగ్గిపోతాయి, అందుకే ఈ మాట డాక్టర్‌ను ముందే అడగాలి. జీర్ణానికి ఎంజైము మాత్రలు రెండు దారుల్లోనూ తప్పవు.