రాయదుర్గం ఆఫీసుకి తార్నాకలో ఇల్లేంటి అన్నారు

హైదరాబాద్‌లోనే తార్నాకకి ఇల్లు మారి రెండేళ్లయింది. ఆఫీసేమో రాయదుర్గంలో. ఆ చివర ఉద్యోగం, ఈ చివర ఇల్లు, మీకేమైనా పిచ్చా అని అననివాళ్లు లేరు. ముందు నిజాంపేట్ రోడ్డులో ఉండేవాళ్లం, మ్యాపులో అదే దగ్గర, కానీ బండి తీస్తే జేఎన్‌టీయూ సిగ్నల్ దాటేసరికే సగం ప్రాణం పోయేది, పోనీ మెట్రో అంటే స్టేషన్ దాకా షేర్ ఆటో, మళ్లీ అమీర్‌పేటలో దిగి లైన్ మారాలి, అక్కడ తోపులాట రోజూ ఎక్కేవాళ్లకి చెప్పక్కర్లేదు. తార్నాక నాగోల్-రాయదుర్గం లైన్ మీదే ఉంది, మారే పనే లేదు. టైమ్ పడుతుంది, కాదనను. సీట్లు కూడా నాగోల్, ఉప్పల్‌లో ఎక్కినవాళ్లవే, మనదాకా వచ్చేసరికి నిలబడ్డమే.

అసలు మమ్మల్ని కదిలించింది నీళ్లండి. నిజాంపేట్‌లో మే నెలొస్తే బోరు ఎండిపోయేది, తెల్లారి ఐదింటికి వాచ్‌మన్ తలుపు కొట్టి ట్యాంకరొచ్చింది సార్ బకెట్లు నింపుకోండి అనేవాడు, నెలాఖరుకి మెయింటెనెన్స్‌లో ఆ ట్యాంకర్ల లెక్క చూస్తే గుండె ఆగేది. ఇక్కడ నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, సంపు నిండుతుంది, కింద ఓనర్ ఆంటీ మెట్ల దగ్గర నిలబడి "మోటర్ బంద్ చేసినవా బిడ్డా" అని ఓ కేక. అంతే.

ఇల్లు మాత్రం పాతది. ఫస్ట్ ఫ్లోర్ పోర్షన్, లిఫ్ట్ లేదు, వానాకాలం బెడ్‌రూమ్ గోడ చెమ్మెక్కి సున్నం పెచ్చులు రాలుతుంది, కారు రోడ్డు మీదే. కొత్త గేటెడ్ ఫ్లాట్ కావాలంటే ఇటు రాకండి. పక్కనే ఉన్న ఉస్మానియా యూనివర్సిటీలో ఏదైనా ధర్నా ఉందంటే ఆ రోజు జంక్షన్ దాటడం దేవుడికే ఎరుక. కానీ అదే క్యాంపస్‌లో పొద్దున వాకింగ్‌కి వెళ్తే, 1939లో తెరిచిన ఆ ఆర్ట్స్ కాలేజీ రాతి గోడల మీద ఎండ పడుతుంటే, ఎక్కడో చెట్లలోంచి నెమలి అరుస్తుంటే, చెమ్మ గోడ గుర్తుకి రాదు. ఐదుకి నాలుగిస్తా.

ఇల్లు వెతికేవాళ్లు ఆదివారం పొద్దున మాత్రం వెళ్లకండి, హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున ప్రతి ఏరియా బాగానే ఉంటుంది. సోమవారం తొమ్మిదింటికి వెళ్లి చూడండి. వేసవిలో ట్యాంకర్లు ఎన్ని వస్తాయని వాచ్‌మన్‌ని అడగండి. ఓనర్‌ని అడిగితే నీళ్ల ప్రాబ్లమే లేదంటాడు, నిజాంపేట్ ఓనరూ మాకదే చెప్పాడు.