పూల్ మోటారు: పాత ఒకే స్పీడుదా, స్పీడు మార్చుకునేదా?

మా బావకి ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్‌లో చిన్న లాడ్జి, వెనకాల స్విమ్మింగ్ పూల్. పూల్ నీళ్ళని ఫిల్టర్లోంచి తిప్పే ఒకటిన్నర హెచ్‌పీ మోటారు బేరింగులు ఉప్పుగాలికి తుప్పు పట్టి కీచుమంటుంటే బరంపురం నుంచి మిస్త్రీ వచ్చి విప్పాడు, లోపలంతా ఎర్రపొడి. మళ్ళీ అదే వేద్దామా, కరెంటు తక్కువ తాగేది వేద్దామా అని ఇంట్లో రెండ్రోజులు ఇదే గోల.

పాతరకం చవక, ఏ వైండింగ్ షాపులోనైనా బాగుచేస్తారు. కానీ స్విచ్చేస్తే నిమిషానికి 2,850 చుట్ల దగ్గర తిరగడమే, వేరే స్పీడు లేదు. గంటకి ఇంచుమించు యూనిటున్నర, రోజుకి 8 గంటలంటే 12 యూనిట్లు.

స్పీడు మార్చుకునే కొత్తదాన్లో కిటుకేంటంటే స్పీడు సగం చేస్తే నీళ్ళూ సగమే వస్తాయి గానీ కరెంటు మాత్రం లెక్క ప్రకారం ఎనిమిదో వంతుకి పడిపోద్ది, అంటే 16 గంటలు తిప్పితే అన్నే నీళ్ళు, మోటారులో వృథా అయ్యే కరెంటు కలుపుకున్నా నాలుగైదు యూనిట్లతో సరి. చప్పుడూ తక్కువే, పక్క రూము గెస్టులు తిట్టుకోరు. బ్యాక్‌వాష్‌కి (నీళ్ళు వెనక్కి తిప్పి ఫిల్టర్ కడగడానికి), అడుగున వాక్యూమ్ కొట్టడానికి మాత్రం స్పీడు పెంచాల్సిందే.

భయమల్లా దాని స్పీడు మార్చే ఎలక్ట్రానిక్ బోర్డు గురించే. గాలివానకి కరెంటు పోయి ఒక్కసారిగా హై ఓల్టేజీ వచ్చిందా, కాలేది అదే, మన మిస్త్రీ దాన్ని ముట్టుకోడు కూడా. హై ఓల్టేజీని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టరు, పైన రేకు గూడు ఖర్చు కూడా కలుపుకోవాలి.

సీజన్లో రెండ్నెల్లు తిప్పి మూసేసేవాళ్ళకి పాతదే చాలు. బావ పూల్ ఏడాదంతా నడుస్తది కాబట్టి కొత్తదే అన్నాను, ఒప్పుకున్నాడు. అక్క మాత్రం "ముందు బిల్లు తగ్గనీ, అప్పుడు చూద్దాం" అంటోంది.