ఆల్ట్ మీట ఒక్కటి చాలు, నేను ఈ సాఫ్ట్‌వేర్ వదలను

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ అఫినిటీ డిజైనర్‌లో ఏమేం ఉన్నాయో చెప్పే సమీక్షలు బోలెడు. పెన్ టూల్ సంగతి, జూమ్ వేగం సంగతి వాటిలో చూసుకోండి. నేను చెప్పాలనుకున్నది ఒక్క విషయమే: ఆకారాలను కలిపే యాడ్, ఒకదానితో ఇంకోదాన్ని కోసే సబ్‌ట్రాక్ట్ లాంటి బటన్లు నొక్కేటప్పుడు ఆల్ట్ పట్టుకుంటే (మాక్‌లో ఆప్షన్) తయారయ్యే కాంపౌండ్, అంటే ముక్కలు విడివిడిగా ఉంటూనే ఒకే బొమ్మగా కనిపించే ఆకారం. నా పని ఐకాన్లు గీయడం. ఏళ్ల తరబడి ఇందులోనే గీస్తున్నానంటే సగం పుణ్యం దానిదే.

ఆల్ట్ లేకుండా సబ్‌ట్రాక్ట్ కొడితే రెండు ఆకారాలూ కలిసిపోయి ఒకే కర్వ్ మిగులుతుంది. ఆ తర్వాత, కోయడానికి వాడిన వృత్తం ఇక వృత్తం కాదు, నాలుగు నోడ్ల (గీతను నిలిపే బిందువుల) చుట్టుగీత. అన్‌డూ ఉందిగా అంటారేమో. హిస్టరీని ఫైల్‌తోపాటు సేవ్ చేసుకునే వీలు కూడా ఉంది. కానీ అక్కడిదాకా వెనక్కి వెళ్తే ఆ తర్వాత చేసిన పనంతా చెరిగిపోతుంది. ఆల్ట్‌తో చేస్తే మాత్రం బయటికి కనిపించేది ఒకే బొమ్మ, ఆకారాల జాబితా ఉండే లేయర్స్ ప్యానెల్‌లో బాణం విప్పితే ముక్కలన్నీ వేటికవి భద్రంగా ఉంటాయి.

దీని విలువ నాకు తెలిసొచ్చింది ఒక సెట్టింగ్స్ ఐకాన్ దగ్గర. పళ్లచక్రం, మధ్యలో తాళంకప్పకు ఉండేలాంటి రంధ్రం: పైన వృత్తం, దాని కింద ట్రెపీజియం. చక్రాన్ని కాగ్ టూల్‌తో గీసి, మిగతా రెండిటితో దాన్ని ఆల్ట్ పట్టుకుని కోసేశాను. సెట్ మొత్తం ఇచ్చేశాక, నేను ఆ ఫైలే మరిచిపోయాక, క్లయింట్ నుంచి ఫోనొచ్చింది. ‘‘12 పళ్లు చిన్న సైజులో మరీ గజిబిజిగా ఉన్నాయండీ, 8 చేయండి. రంధ్రం కాస్త కిందికి దించండి.’’ ఇక మొదటినుంచీ గీయాల్సిందేనని నిట్టూరుస్తూ ఫైల్ తెరిచాను. బాణం విప్పి చక్రం మీద నొక్కితే పైనున్న టూల్‌బార్‌లో పళ్ల సంఖ్య పెట్టె అలాగే ఉంది! 12 తీసి 8 కొట్టాను. వృత్తాన్నీ ట్రెపీజియాన్నీ కలిపి ఎంచుకుని కింది బాణం మీట నాలుగుసార్లు నొక్కాను. చక్రంలో పాత రంధ్రం పూడిపోతూ, కింద కొత్తది తెరుచుకుంటూ కదిలింది. ఫోన్‌లో ఆయన ఇంకా వివరిస్తూనే ఉన్నారు.

అక్కడితో ఆగలేదు. రంధ్రం మధ్యలో చిన్న చుక్క ఉంటే బాగుంటుందన్నారు. చిన్న వృత్తం గీసి కాంపౌండ్‌లోకి అన్నిటికంటే పైకి లాగి, దాని పేరు పక్కనున్న చిన్న గుర్తును యాడ్‌కి మార్చాను. ఒక్కో ముక్కకూ విడిగా కలపాలా, కోయాలా అని చెప్పుకోగలగడమే దీనిలో అసలు రుచి. వరస మాత్రం చూసుకోవాలి. లెక్క కిందినుంచి పైకి నడుస్తుంది. కోసే ముక్కల కిందికి చుక్కను జార్చారంటే అదీ ఆ కోతలో మాయమవుతుంది.

ఇంత పొగిడాక చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ముక్కలు భద్రం అన్నాను కదా, అది అఫినిటీ సొంత ఫైల్‌లో ఉన్నంతవరకే. ఎస్‌వీజీగా (వేరే సాఫ్ట్‌వేర్‌లూ తెరవగలిగే బొమ్మ ఫైల్‌గా) ఎగుమతి చేస్తే కాంపౌండ్ మామూలు పాత్‌గా, అంటే ఉత్త చుట్టుగీతగా మారిపోతుంది. పై ఐకాన్ ఎస్‌వీజీని తోటి డిజైనర్ ఒకరు వేరే సాఫ్ట్‌వేర్‌లో (పేరెందుకులెండి) తెరిచి, లోపలి భాగాన్ని మారుద్దామని విడగొట్టే ఆదేశం ఇచ్చారు. రంధ్రం కాస్తా నల్లటి ముద్దయి కూర్చుంది. దాని పద్ధతి ప్రకారం అది చేసింది సబబే. ఒకే పాత్‌లో ఉన్నంతసేపూ ఈవెన్-ఆడ్ నియమమో, నాన్-జీరో నియమమో (ఎక్కడ రంగు నింపాలో, ఎక్కడ వదలాలో తేల్చే పద్ధతులు) లోపలి గీత మధ్యను ఖాళీగా చూపిస్తుంది. విడగొట్టగానే అది సొంత రంగున్న వేరే ఆకారం. ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు కంబైన్ (కలుపు), బ్రేక్ అపార్ట్ (విడగొట్టు) ఆదేశాల జంటతో ఇది బాగా పరిచయమే. అప్పట్నుంచి ఎస్‌వీజీతోపాటు అసలు ఫైల్ కూడా పంపుతున్నాను. దాన్ని తెరవడానికి అవతలివాళ్ల దగ్గర అఫినిటీ ఉండాలనుకోండి, అది వేరే గొడవ.

ఇంకోటి. కాంపౌండ్ మొత్తానికీ ఒకే రంగు, ఒకే స్ట్రోక్ (అంచు గీత). లోపలి ముక్కలకు వేరు వేరు రంగులు కావాలంటే ఇది దారి కాదు. అలాగే రెండు ఆకారాలు ఖండించుకున్న మూలను గుండ్రం చేయాలంటే కార్నర్ టూల్‌కి అక్కడ పట్టు దొరకదు. కంటికి మూల కనిపిస్తుంది గానీ నిజానికి అక్కడ నోడ్ లేదు. అలాంటప్పుడు కాంపౌండ్‌కి ఒక నకలు తీసి దాచి, రెండోదాన్ని కన్వర్ట్ టు కర్వ్స్ చేసి (ముక్కలన్నీ కరిగి నిజమైన గీతలయ్యేలా) ఆ మూలల్ని సరిచేస్తాను. తర్వాత మార్పు అడిగితే ఆ సవరణ మళ్లీ చేసుకోవాల్సిందే. గుండ్రటి మూలల ఐకాన్లే ఎక్కువగా గీసేవాళ్లకు నేను చెప్పిన లాభంలో సగం ఇక్కడే ఎగిరిపోతుంది.

ఈ ఒక్క సదుపాయం కోసమే సాఫ్ట్‌వేర్ మార్చమని మాత్రం అనను. ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో బూలియన్ (ఇలా కలపడం, కోయడం) చేస్తే ముక్కలు ఎలాగూ లోపలే ఉంటాయి, ఆల్ట్ అవసరమే లేదు. ఇంకో సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌లోనూ ఈ పనికే ఉన్న పాత్‌ఫైండర్ షేప్ మోడ్ బటన్లను ఆల్ట్‌తో నొక్కితే కాంపౌండ్ షేప్ వస్తుంది. నేను ఒంటరిగా, నా ఫైళ్లు నా దగ్గరే పెట్టుకుని పనిచేస్తాను కాబట్టి నాకిది అతికింది. పదిమంది పది సాఫ్ట్‌వేర్‌లలో ఒకే బొమ్మను తిప్పుకునే చోటైతే ఇంత ధీమాగా రాసేవాణ్ణి కాదేమో.