పటాకుల చప్పుడుకు వణికే కుక్కకు ఏది మేలు?

వినాయకుడి మండపాలు లేచిన దగ్గర్నుంచి దీపావళి దాటేదాకా నన్ను అందరూ అడిగేది ఒకటే. "డీజే మోతకు మా కుక్క మంచం కిందికి దూరి బయటికి రావడం లేదు. మందులు వద్దు, సహజంగా తగ్గే దారి ఏదైనా ఉందా?" వరంగల్, హన్మకొండల్లో ఈ రోజుల్లో చప్పుడు లేని రాత్రి దొరకడం కష్టమే. నిమజ్జనం ఊరేగింపులు, ఉర్సు రంగలీలా మైదానంలో రావణ వధ, దీపావళి, వెంటనే పెళ్లిళ్ల బరాత్‌లు. ఎండాకాలం చివర్లో వచ్చే గాలివానలు వీటికి అదనం. మన చెవి 20 వేల హెర్ట్జ్ (శబ్దం ఎంత కీచుగా ఉందో చెప్పే కొలత) దగ్గర ఆగిపోతుంది. కుక్క చెవి 40 వేలు దాటి వింటుంది, పిల్లి ఇంకా పైకి వింటుంది. మనం ఓర్చుకునే మోత వాటికి అంతే అనిపిస్తుందని అనుకోవద్దు.

మార్కెట్లో కొనేవి, ఇంట్లో చేసుకునేవి కలిపి చాలానే ఉన్నాయి. నా మొగ్గు ఎటో ముందే చెబుతాను. కొని తెచ్చే ఏ వస్తువు కన్నా, చప్పుడు కాగానే నోటికి అందే తిండి ముక్క ఎక్కువ పని చేస్తుంది. మిగతావన్నీ దాని తర్వాతే.

పద్ధతి ఇంతే: చప్పుడు వినపడాలి, వెంటనే ముక్క నోట్లో పడాలి. ఆ ముక్క రోజూ తినే అన్నమో పెడిగ్రీయో అయితే చాలదు, కుక్క ప్రాణం పెట్టేది కావాలి. మా ఇంట్లో మేక కార్జం ఉప్పు, కారం, ఉల్లిగడ్డ ఏమీ లేకుండా ఉడికించి, గోరంత ముక్కలు కోసి డబ్బాలో పెట్టుకుంటాం. మాంసం వండని ఇండ్లలో పనీర్ సరిపోతుంది. మొదలుపెట్టేది బాంబులతో కాదు. కుక్కర్ విజిల్, గేటు చప్పుడు, పక్కింటి బుల్లెట్ బండి స్టార్ట్ చేసిన మోత, దూరంగా ఎక్కడో డప్పు, ఇలాంటి చిన్నవాటితో. ప్రతి చప్పుడుకూ ఒక ముక్క. కూర్చోమనొద్దు, షేక్‌హ్యాండ్ అడగొద్దు. అది ఏం చేస్తున్నా సరే, చప్పుడైతే ముక్క వస్తుంది, అంతే. పెట్టినంత మేర రాత్రి గిన్నెలో తగ్గించండి, లేకపోతే దీపావళికల్లా ఒళ్లు వస్తుంది.

ఇక్కడ ఏది ముందు, ఏది వెనక అన్నదే అసలు కీలకం. చప్పుడు ముందు, తిండి తర్వాత. చాలామంది బయట బరాత్ వస్తోందని తెలిసి, కుక్క దృష్టి మళ్లించాలని ముందే ముక్క చూపిస్తారు. అలా నాలుగుసార్లు జరిగితే కుక్క ఇంకోటి నేర్చుకుంటుంది: కార్జం కనపడిందంటే కాసేపట్లో ఏదో పేలుతుంది అని. అప్పుడు కార్జం డబ్బా తీసినా వణుకుతుంది. వరస సరిగ్గా ఉంటే నేర్చుకునేది కూడా తిరగబడుతుంది. పేలుడు వినగానే బెదిరే బదులు, తల తిప్పి మీ చేతి వంక చూస్తుంది. ఆ చూపు వచ్చిందంటే పని దారిలో పడ్డట్టే.

"భయపడుతున్నప్పుడు తిండి పెడితే, దగ్గరికి తీసుకుంటే భయం ఇంకా అలవాటు కాదా?" అని అడుగుతారు. కొందరు ట్రైనర్లు కూడా ఇదే చెబుతారు, పట్టించుకోకుండా వదిలేయమంటారు. నేను ఒప్పుకోను. భయం కుక్క కావాలని చేసే పని కాదు, దానికి కలిగే స్థితి. ఇష్టమైనది పెట్టినంత మాత్రాన భయం పెరగదు. వణుకుతూ మీ కాళ్ల దగ్గరికి వచ్చిన కుక్కను నిమరండి, పక్కన కూర్చోబెట్టుకోండి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం నుంచి 2020లో వెలువడిన ఒక సర్వే ఈ విషయంలో నాకు బలాన్నిచ్చింది. 1,225 కుక్కల గురించి యజమానులను అడిగారు. పటాకుల చప్పుడు తర్వాత తిండి పెట్టడం, ఆడించడం పని చేసిందని 70 శాతానికి పైగా చెప్పారు. ఫెరోమోన్లు (జంతువులు ఒంటి నుంచి వదిలే వాసన సంకేతాలు), మూలికలు, సుగంధ తైలాలు, హోమియో, పూల సారంతో చేసే మందుల దగ్గరికొచ్చేసరికి ఆ మాట అన్నవాళ్లు 27 నుంచి 35 శాతమే. యజమానులు చెప్పిన మాటే తప్ప ల్యాబులో కొలిచింది కాదు. అయినా ఈ తేడా చిన్నది కాదు.

ఈ పద్ధతికి హద్దు ఎక్కడో కుక్కే చెబుతుంది. రోజూ పెదవులతో మెత్తగా అందుకునే కుక్క ఆ రోజు వేళ్లకు పళ్లు తగిలేలా లాక్కుంటే, టెన్షన్ పెరుగుతోందని అర్థం. ముక్క నోట్లో పెట్టుకుని మింగకుండా జారవిడిస్తే చప్పుడు దానికి ఎక్కువైపోయింది. పెదవులు నాక్కోవడం, ఊరికే ఆవలించడం, చల్లగా ఉన్నా నాలుక చాపి రొప్పడం కూడా అవే గుర్తులు. ఇక ఆ రాత్రికి నేర్పడం ఆపేసి లోపలికి తీసుకెళ్లాలి.

ఆ లోపలి చోటే నా లెక్కలో రెండోది. దీన్ని తిండి పద్ధతికి పోటీగా చూడొద్దు. నెలల తరబడి చేసేది అది, పండుగ రాత్రి ఆదుకునేది ఇది. రోడ్డు వైపు కిటికీ లేని అర్ర, సామాన్ల గది, మెట్ల కింద చోటు, ఏదైనా సరే. పాత చెద్దరు, మీరు కట్టి విడిచిన లుంగీనో చీరనో వేయండి. తలుపు బిగించొద్దు, వచ్చే పోయే వీలు దానికే ఉండాలి. బయటి మోతను కప్పడానికి మన ఇండ్లలో ఉన్న మంచి సాధనం కూలర్. ఎండాకాలం అయిపోయాక మూలకు నెట్టేసిన ఆ కూలర్‌ను నీళ్లు పోయకుండా ఫ్యాన్ మాత్రం వేస్తే, ఒకే రకంగా వచ్చే ఆ హోరులో దూరపు పేలుళ్లు చాలా మునిగిపోతాయి. టీవీ సౌండ్ పెంచడం కన్నా ఇది నయం, ఎందుకంటే టీవీలో కూడా ఉన్నట్టుండి అరుపులుంటాయి. పాటలే కావాలంటే రెగే, సాఫ్ట్ రాక్ లాంటి నెమ్మది సంగీతం మార్చి మార్చి పెట్టండి. స్కాట్లాండ్ జంతు సంక్షేమ సంస్థతో కలిసి గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో వెలువరించిన అధ్యయనంలో షెల్టర్ కుక్కలు వాటికే ఎక్కువ కుదుటపడ్డాయి. చీకటి పడకముందే బయట తిప్పుకుని రండి. మెడ పట్టీకి మీ ఫోన్ నంబర్ ఉండాలి. బెదిరి గేటు దాటిన కుక్క ఇంటి దారి మరిచిపోవడం ప్రతి దీపావళికీ జరిగేదే.

రికార్డు చేసిన శబ్దాలతో అలవాటు చేయడం మంచి పద్ధతే. పండుగకు కొన్ని నెలల ముందు నుంచి, కుక్క చెవి కూడా కదపనంత చిన్న సౌండ్‌తో మొదలుపెట్టి, ముక్క పెడుతూ పెంచుకుంటూ పోవాలి. ఫోన్ స్పీకర్ మాత్రం చాలదు. డీజేలో గుండె మీద కొట్టినట్టుండే బేస్ అందులో రాదు, బ్లూటూత్ స్పీకర్ ఉండాలి. ఉరుముల భయం దీనికి అంతగా లొంగదు, ఎందుకంటే గాలి, మబ్బు చీకటి, వాన వాసన రికార్డులో ఉండవు. ఓపిక ఉన్నవాళ్లకే ఇది.

ఒంటికి బిగుతుగా చుట్టే జాకెట్ల గురించి కూడా అడుగుతుంటారు. ముందు చెప్పిన బెర్న్ సర్వేలో 44 శాతం మంది మేలు చేసిందన్నారు. కొనకముందు పాత చున్నీతో చూడండి. రొమ్ము మీదుగా తెచ్చి, భుజాల మీద అడ్డంగా దాటించి, పొట్ట కింద నుంచి తిప్పి, పక్కటెముకల పక్కన ముడి వేయాలి. వెన్నెముక మీద ముడి పడకూడదు, లోపల రెండు వేళ్లు దూరాలి. చప్పుడు లేని రోజుల్లోనే అలవాటు చేయాలి. కట్టగానే బొమ్మలా కదలకుండా నిలబడిపోతే అది శాంతించినట్టు కాదు, బిగుసుకుపోయినట్టు. వెంటనే విప్పేయండి. ఇంకో మాట: మే నెల గాలివానకు ఇది వద్దు. మన దగ్గర 40 డిగ్రీలు దాటిన ఉక్కలో, భయంతో రొప్పుతున్న కుక్కకు గుడ్డ చుడితే వడదెబ్బకు దారి తీస్తుంది.

ఫెరోమోన్ల విషయానికొస్తే, ఈనిన కుక్క తన పిల్లల కోసం విడుదల చేసే పదార్థానికి నకలు అడాప్టిల్, పిల్లి చెంపలు రుద్ది వదిలే దానికి నకలు ఫెలివే. హాని లేదు. కానీ ప్లగ్‌కు పెట్టే రకం మూసి ఉన్న గదికి తగ్గట్టు చేసింది. కిటికీలన్నీ తెరిచి ఫ్యాన్ తిరిగే మన హాల్లో అది ఎంత నిలుస్తుంది? పెట్టే ఖర్చుకు ఫలితం చాలదని నా అభిప్రాయం. కొంటే పండుగకు కొన్ని రోజుల ముందే పెట్టండి.

పాల ప్రోటీన్ మాత్రలు, ఎల్-థియానైన్ (తేయాకులో ఉండే పదార్థం), అశ్వగంధ: కొన్నింటికి కొంత పని చేయొచ్చు, డాక్టర్‌ను అడిగి వాడండి. మనుషులు నిద్ర కోసం తినే మెలటోనిన్ గమ్మీలు మాత్రం ఇవ్వొద్దు, కొన్నింటిలో చక్కెర బదులు వేసే జైలిటాల్ కుక్కకు విషం. హోమియో చుక్కల మీద నాకు నమ్మకం లేదు. సుగంధ తైలాలు పిల్లి ఉన్న ఇంట్లో అసలే వద్దు, టీ ట్రీ ఆయిల్ మరీ. వాటిలోని చాలా పదార్థాలను పిల్లి కాలేయం అరాయించుకోలేదు.

పిల్లికి చేయాల్సింది తక్కువ. ఎత్తయిన చోటు, సజ్జ మీద మూత తీసిన అట్టపెట్టె, దగ్గర్లో మట్టి డబ్బా, నీళ్లు. దాక్కుంటే దాక్కోనివ్వండి, లాగొద్దు. ఒకరోజుకు మించి తినకపోతే మాత్రం డాక్టర్‌కు చూపించాలి.

"మందులు వద్దు" అనేవాళ్లతో ఒకటి గట్టిగా చెప్పాలి. గోడలు గీకి గోళ్లు ఊడగొట్టుకునే, కిటికీలోంచి దూకబోయే కుక్కకు కార్జం ముక్క చాలదు. దానికి డాక్టర్ రాసిన మందు అవసరం, మందుతో భయం తగ్గాకే నేర్పడం సాధ్యమవుతుంది. ఆసిప్రోమజీన్ అనే మత్తు మందు ఒక్కటే రాస్తే ఇంకోటి ఉందా అని అడగండి. అది ఒంటిని పడుకోబెడుతుంది, లోపలి భయం అలాగే ఉంటుంది. ఇంట్లో ఉన్న మనుషుల నిద్రమాత్రలు వేయొద్దు. ఇన్నాళ్లూ చప్పుళ్లను లెక్క చేయని కుక్క పెద్ద వయసులో కొత్తగా భయపడుతుంటే, కీళ్లలో నొప్పి ఉందేమో ముందు చూపించండి. మీ వీధి డాక్టర్ దగ్గర కుదరకపోతే మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. ఏ మందైనా పండుగకు కొన్ని వారాల ముందే రాయించుకుని, చప్పుడు లేని ఒక సాయంత్రం ఒకసారి ఇచ్చి, ఎంతసేపటికి పట్టింది, ఎంతసేపు నిలిచింది రాసి పెట్టుకోండి. డోసు సరిచేయడానికి డాక్టర్‌కు కావాల్సింది ఆ వివరమే.