లైవ్ సౌండా, డబ్బింగా?

నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో గానీ, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీలో గానీ సార్లు, మేడమ్‌లు, విద్యార్థులు కలిసి పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీయాలనుకుంటే, కెమెరా కన్నా ముందు తేల్చుకోవాల్సింది మాటల సంగతి. షూటింగ్‌లోనే రికార్డు చేయాలా, తర్వాత డబ్బింగ్ చెప్పించాలా?

డబ్బింగ్‌లో సుఖం ఉంది. హైవే మీద లారీల హారన్లు, పిల్లలమర్రి దగ్గర జనం గోల, పొలంలో మోటారు మోత, ఏదీ అడ్డు కాదు. డైలాగ్ కాస్త తడబడినా టెన్షన్ లేదు. కానీ పెదవులకు మాట కలపడం కొత్తవాళ్లకు గంటల పని.

లైవ్ సౌండ్‌లో అసలు లాభం మన యాస. మర్రిగూడ మండలంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిన పెద్దాయన "ఏం జెయ్యాలె బిడ్డా" అన్నప్పుడు, ఆ మాట వెనకున్న ఊపిరిని ఏ స్టూడియోలోనూ మళ్లీ పుట్టించలేం. ఆయన్ని డబ్బింగ్‌కు రమ్మనడం కూడా నాకు న్యాయం అనిపించదు. అయితే జాగ్రత్తలు ఎక్కువ. మైక్ నోటికి దగ్గరగా ఉండాలి, ఫ్యాన్ ఆపాలి. ప్రతి లొకేషన్‌లో అరనిమిషం ఎవరూ మాట్లాడకుండా అక్కడి నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకోవాలి. ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీలు నింపేది అదే. సౌండ్‌ను కెమెరాలో కాకుండా విడిగా తీస్తుంటే, తర్వాత బొమ్మకు మాట జత కలపడానికి ప్రతి షాట్ మొదట్లో క్లాప్ కొట్టడం మరవొద్దు.

నా ఓటు లైవ్‌కే. మరీ పాడైన ఒకటి రెండు డైలాగులను అదే రోజు, అదే చోట, కెమెరా ఆపి మళ్లీ చెప్పించుకోండి.